మూత తీయకండి

2023 జూలై నెలలో మేమిద్దరం మొదటిసారి విమానమెక్కి అమెరికా వెళ్ళాము. మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి దగ్గరలో ఒక చిన్న ఊళ్ళో మా అమ్మాయి, అల్లుడుగారు, తొమ్మిదేళ్ళ మనవరాలు ఉంటారు. అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. వారానికి మూడు రాత్రులు డ్యూటీ, ఒక్కొక్కటి 12 గంటలు. సాయంత్రం 6 గంటలకు బయలుదేరితే మరునాడు ఉదయం 8 గంటలకు ఇల్లు చేరుతుంది. అల్లుడుగారు కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. పిల్ల బడి బస్సు 8 గంటల 20 నిమిషాలకు వీధి చివరికి వస్తుంది. ఆ బస్సు వెళ్ళిపోయిందంటే ఇంట్లో ఇక మాటలుండవు. అమ్మాయి తలుపు వేసుకుని పడుకుంటుంది, మేము చెప్పులు చప్పుడు కాకుండా తిరుగుతాము.

పల్నాడులో మా ఊళ్ళో పొద్దున్న లేస్తే పాలవాడు, కూరగాయల బండి, పక్కింటివాళ్ళు, గుడి గంట, మైకు. అక్కడ కిటికీలోంచి చూస్తే ఉడుత ఒక్కటే కనబడేది. పొలంపని, ఇంటిపని చేసిన చేతులు ఊరకుండవు. ఉన్న పని వంట ఒక్కటే. ఆ వంట కూడా మా చేతికి రానివ్వకుండా ఒక పాత్ర చేసుకుపోతూ ఉండేది. మా కథ ఆ పాత్ర గురించే.

వంటగట్టు మీద ఒక మూలన కోడిగుడ్డు ఆకారంలో నల్లటి పాత్ర. పైన గాజుమూత. లోపల బరువైన పింగాణి గిన్నె. దాని చుట్టూ గోడలో విద్యుత్తు తీగ ఉంటుందట. ముందువైపు ఒక మీట, దానికి మూడు గుర్తులు. తక్కువ, ఎక్కువ, వెచ్చగా ఉంచటం. అంతే. దాన్ని స్లో కుక్కరు అంటారు. కూత వేయదు, ఆవిరి చిమ్మదు, మంట కనబడదు. అమ్మాయి డ్యూటీకి వెళ్ళేముందు అందులో కందిపప్పో, మాంసమో వేసి మీట తిప్పి వెళ్తుంది. తెల్లారేసరికి ఉడికి ఉంటుంది.

మాకది నచ్చలేదు. పొయ్యి దగ్గర మనిషి లేకుండా అయ్యే వంట వంటేనా అన్నది మా పట్టు. మాలో ఒకరు ఒకరోజు అననే అన్నారు, "గరిటె పట్టుకుని పది నిమిషాలు నిలబడే తీరిక కూడా లేదా తల్లీ నీకు?" అని. ఎవరన్నారో రాయము, ఎందుకంటే రెండోవారి మనసులోనూ అదే ఉంది. అమ్మాయి ఏమీ అనలేదు. బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

తరువాత ఒకనాడు అల్లుడుగారు ఆ పాత్ర పుట్టుక గురించి చెప్పారు. అది విన్నాక మాకు దానిమీద కొంచెం మర్యాద కలిగింది. చికాగో నగరంలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదుడు దాన్ని కనిపెట్టారట. 1940లో దానికి పేటెంటు వచ్చింది. వాళ్ళ అమ్మగారి పుట్టినిల్లు లిథువేనియా దేశం. విశ్రాంతిదినాన ఇళ్ళలో నిప్పు రాజేయకూడదన్న ఆజ్ఞ నిర్గమకాండము 35వ అధ్యాయములో ఉన్నదని మన చదువరులకు తెలుసు. మరి ఆ దినాన వేడి భోజనం ఎలా? శుక్రవారం పొద్దు గుంకకముందే చిక్కుళ్ళు, బార్లీ, మాంసం, దుంపలు ఒక కుండలో సర్ది, ఊళ్ళో రొట్టెల దుకాణానికి పట్టుకెళ్ళి ఇచ్చేవారట. రొట్టెలు కాల్చటం ముగిసిన పొయ్యిలో, ఆరిపోతున్న వేడిలో, ఆ కుండ తెల్లవార్లూ ఉడికేది. మరునాడు ప్రార్థన అయ్యాక తెచ్చుకుని తినేవారు. ఆ వంటకం పేరు చోలెంట్. తన తల్లి ఆ జ్ఞాపకం చెప్పగా విని, నాక్సన్ గారు తనంతట తానే ఉడికే కుండ ఒకటి తయారుచేశారు. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనుక్కుని, మరుసటి ఏడు క్రాక్‌పాట్ అనే పేరుతో బజారులోకి తెచ్చింది. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్తున్న కాలం. ఇంటింటికీ చేరింది.

పని మానవలసిన రోజు కోసం పుట్టిన కుండ, పని మానటానికి వీలులేని వాళ్ళకు ఉపయోగపడుతున్నదన్నమాట. సరే, ఇది మధ్యలో వచ్చిన మాట.

అసలు మాట చెప్పాలి. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాయటం దండగ. అమ్మాయి మీద మాకు మనసులో ఒక కోపం ఉండేది, ఆ కుక్కరు కంటే పాతది. మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు అయిన పెద్దామె 2021 మే నెలలో ప్రభువునందు నిద్రించారు. ఇక్కడ అమ్మ అనే రాస్తాము. మా పిల్లను పెంచింది ఆమే. మేమిద్దరం బడి ఉద్యోగాలకు పోతే పాలు పట్టటం, తల దువ్వటం, ఆదివారపు బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళటం అన్నీ ఆమే. అటువంటి నాయనమ్మ పోతే మనవరాలు రాలేదు. కరోనా రెండోసారి విజృంభించిన రోజులు. సమాధి తోటకు పదిమంది కంటే రాలేదు. అయినా ఊళ్ళోవాళ్ళు అడిగారు, "మనవరాలు రాలేదా?" అని. "విమానాలు లేవు" అన్నాము. ఆ రాత్రి ఫోనులో మాత్రం అమ్మాయితో, "అందరూ అడుగుతున్నారమ్మా, ఏం చెప్పాలో తెలియటం లేదు" అన్నాము. కన్నవాళ్ళు అలా అంటే దాని అర్థం ఏమిటో పిల్లకు తెలియదా? ఆ తరువాత రెండేళ్ళు ఆ మాట మళ్ళీ రాలేదు. వారం వారం ఫోను చేసేది, ఆరోగ్యాలు అడిగేది, డబ్బు పంపేది. మేము వెళ్ళి ఆ ఇంట్లో మూడు నెలలున్నా ఆ మాట రాలేదు.

అక్టోబరు వచ్చింది. మిషిగన్ ఆపిల్ తోటల రాష్ట్రం. ఆ నెలలో చెట్ల ఆకులు ఎర్రబడతాయి, తోటల్లో జనం బుట్టలు పట్టుకుని తామే కోసుకుంటారు. అల్లుడుగారు ఒక శనివారం మమ్మల్ని తీసుకెళ్ళారు. మనవరాలికి ఒక బుట్ట, మాకు ఒక బుట్ట. రెండూ నిండాయి. ఇన్ని పండ్లు ఏం చేస్తారని అడిగితే, వాళ్ళు వెళ్ళే సంఘములో వచ్చే ఆదివారం పాట్‌లక్ ఉందని చెప్పింది అమ్మాయి. అంటే ఆరాధన తరువాత సహపంక్తి భోజనం. మన ప్రేమవిందులో అందరూ చందాలేసుకుని పందిరికింద ఒకే గుండిగలో వండుతారు. అక్కడ ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో వంటకం తెస్తారు. మా అమ్మాయి పేరు పక్కన రాసి ఉన్నది ఆపిల్ ముక్కలు, కారమెల్ డిప్పు. ముంచుకు తినే తీపి అన్నమాట. రంగు మన పాలకోవాకూ బెల్లం పాకానికీ మధ్య, చిక్కదనం తేనెకంటే కొంచెం ఎక్కువ.

శుక్రవారం సాయంత్రం డ్యూటీకి పోతూ ఆ పని మాకు అప్పగించింది. మూడు నెలల్లో మొదటిసారి మాకొక పని! ఆమె చూపించింది ఇంతే. కండెన్స్‌డ్ మిల్కు డబ్బాలు మూడు, ఒక్కొక్కటి 397 గ్రాములు. వెడల్పు మూతి ఉన్న పొట్టి గాజుసీసాలు మూడు. డబ్బాకు ఒక సీసా చొప్పున పాలు పోసి, పైన వేలెడు ఖాళీ ఉంచి, మూతలు బిగించాము. కుక్కరు అడుగున మడతపెట్టిన గుడ్డ వేసి సీసాలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాము. సీసాల్లో పాలు ఎంతవరకున్నాయో దానికి కొంచెం పైదాకా గోరువెచ్చని నీళ్ళు. గాజుమూత పెట్టి మీట తక్కువలోకి తిప్పటం. "ఎనిమిది నుంచి పది గంటలు. నేను వచ్చేదాకా దాని జోలికి వెళ్ళకండి" అని చెప్పి వెళ్ళింది.

జోలికి వెళ్ళకుండా ఎలా ఉంటాము? ఏడు గంటలకు చూస్తే నీళ్ళు కదలటం లేదు. ఎనిమిదికి మూత తీసి వేలు పెట్టి చూశాము, వెచ్చగా ఉంది. తొమ్మిదికి చూశాము. భోజనం చేసి, ప్రార్థన చేసుకుని, పడుకోబోతూ చూశాము. పాలు తెల్లగానే ఉన్నాయి. పని చేయటం లేదేమోనన్న అనుమానం. రాత్రి రెండుసార్లు లేచే వయసు మాది, లేచిన రెండుసార్లూ మూత తీశాము. తెల్లవారుజామున నీళ్ళు తగ్గాయని తోచింది. మాలో ఒకరు కుళాయి కింద చెంబు పట్టి ఆ నీళ్ళు పోశారు. అక్టోబరులో ఆ దేశపు కుళాయినీళ్ళు మంచులా ఉంటాయి. టక్కుమని చిన్న చప్పుడైంది. ఒక సీసా నిలువునా పగిలి, పాలు నీళ్ళలో కలిసిపోయాయి. కుక్కరు నిండా పలచటి పాలనీళ్ళు, అందులో గాజుముక్క, తక్కిన రెండు సీసాల్లో నీరసంగా, పాలు ఎక్కువైన టీ రంగులో పాలు. ఒకరినొకరు చూసుకున్నాము. చిన్నప్పుడు పాలకుండ పగలగొట్టి పెరట్లో దాక్కున్న పిల్లలలాగా ఉన్నాము.

అమ్మాయి ఎనిమిదింటికి వచ్చింది. తలుపు దగ్గరే బూట్లు విప్పి, వంటింట్లోకి చూసి, మూత ఎత్తింది. మేము సంజాయిషీ మొదలుపెట్టాము.

"ఎన్నిసార్లు తీశారు?" అని అడిగింది.

"ఏడెనిమిది సార్లు."

నవ్వింది. మూత తీసిన ప్రతిసారీ లోపలి వేడంతా పోతుందని, పోయిన వేడి తిరిగి రావటానికి దానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుందని చెప్పింది. గ్యాసు పొయ్యిలాగా అది గబుక్కున అందుకోలేదు, దాని బలమంతా కలిపి 200 వాట్ల చుట్టుపక్కలే, రెండు మూడు పాతకాలపు బల్బుల పాటి. పగిలిన సీసా పాలూ నీళ్ళూ జాగ్రత్తగా పారబోసి, గిన్నె చల్లారాక కడిగి, మిగిలిన రెండు సీసాలూ మళ్ళీ నిలబెట్టి ఈసారి వేడినీళ్ళు పోసింది. మూతమీద ఒక కాగితం అంటించింది. దానిమీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, "మూత తీయకండి". తెలుగు చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో, "మూ"కు దీర్ఘం సరిగ్గా పడలేదు.

పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి. వెళ్ళి పడుకోమన్నాము. పడుకోలేదు. మా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దీన్ని నేను మొదట ఎప్పుడు చేశానో మీకు చెప్పలేదు కదూ" అంది.

2021 మే నెలలో ఆ కబురు ఆమెకు డ్యూటీలో ఉండగా వచ్చిందట. అక్కడ అప్పుడు అర్ధరాత్రి దాటింది. ఒళ్ళంతా కప్పుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని కరోనా వార్డులో ఉంది. ఆ రాత్రి ఇద్దరు నర్సులు రాలేదు, విడిచి రావటానికి వీలులేదు. తెల్లారిందాకా పనిచేసింది. ఇంటికొచ్చి టిక్కెట్లు చూసింది. విమానాలు కొన్ని ఉన్నాయి. అయితే ఆ మే నెల 4వ తేదీ నుంచి అమెరికా ప్రభుత్వం ఇండియా నుంచి వచ్చేవారిలో తమ పౌరులు, శాశ్వత నివాసపు కార్డున్నవారు తప్ప చాలామందిని దేశంలోకి రానివ్వటం మానేసింది. మా అమ్మాయిది అప్పటికి ఉద్యోగపు వీసా. వెళ్ళవచ్చు. తిరిగి ఎప్పుడు రావచ్చునో ఎవరూ చెప్పలేదు. పిల్లకు అప్పుడు ఏడేళ్ళు. ఆ కట్టడి నవంబరు 8న గాని పోలేదు.

"మీరు విమానాలు లేవని చెప్పారుగా ఊళ్ళో. నేనూ అదే అనుకోనిచ్చాను. విమానం ఉండి రాలేదని చెప్తే మీకు ఇంకా కష్టమని" అంది.

సమాధి కార్యక్రమం బంధువులబ్బాయి ఒకడు ఫోనులో చూపించాడట. చెయ్యి వణుకుతుంటే బొమ్మ అంతా ఆకాశమూ చెట్లూ. అది అయ్యాక నిద్ర రాలేదు. అల్లుడుగారు పిల్లను తీసుకుని బయటకు వెళ్ళారు. అలమరలో కండెన్స్‌డ్ మిల్కు డబ్బా ఒకటి ఉంది. స్లో కుక్కరులో పెడితే కారమెల్ అవుతుందని తోటి నర్సు ఒకామె ఎప్పుడో చెప్పింది. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా. పెట్టింది. పెట్టి పక్కనే సోఫాలో ఒరిగింది. సాయంత్రం మెలకువ వచ్చేసరికి ఇల్లంతా వాసన.

"ఏం వాసనో తెలుసా అమ్మా? నాయనమ్మ దాలి వాసన. ఒక్క క్షణం నేను పెరట్లో ఉన్నాననుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు."

పట్నంలో పెరిగిన పిల్లల కోసం దాలి అంటే ఏమిటో చెప్పాలి. పెరట్లో, గాలి తగలని మూలన, మూరెడు లోతున గుంట. అందులో పిడకలు, పైన కొంచెం ఊక. రెండు నిప్పుకణికలు వేస్తే మంట లేవదు, పొగలోనే రాజుకుంటూ సాయంత్రందాకా ఉంటుంది. పొద్దున్నే పితికిన గేదెపాలు కుండలో పోసి దాలిలో పెట్టి, చిల్లులున్న మట్టిమూకుడు మూత వేసేవారు. నాలుగు గంటలకు తీస్తే పాలు లేత ఎరుపు. పైన మీగడ వేలెడు మందాన, ముదురు రంగులో. చల్లారాక తోడు వేస్తే మర్నాటికి పెరుగు కూడా ఎర్రగానే ఉండేది. ఆ మీగడలో బెల్లం ముక్క అద్ది మా అమ్మాయి నోట్లో పెట్టేది అమ్మ. దాలి దగ్గరకు మాత్రం ఎవరినీ పోనిచ్చేది కాదు. "చూస్తే పాలకు సిగ్గురా, అటు పోకండి" అనేది. గేదెను 2004లో అమ్మేశాము. దాలి గుంట పూడ్చి అక్కడ నీళ్ళ తొట్టి కట్టించింది మేమే.

ముప్పై ఏళ్ళు ఆ పాలు తాగి, ఆ దాలి పక్కనే బతికి, అమెరికా వెళ్ళి పొయ్యి దగ్గర మనిషి లేని వంట వంటేనా అని అడిగాము. మా అమ్మ పొద్దున్న కుండ పెట్టి కలుపు తీయటానికి పొలం వెళ్ళేది. సాయంత్రం వచ్చి తీసేది.

ఆ ఉదయం వంటింట్లో ఏం మాట్లాడుకున్నామో అంతా రాయము. తప్పు మాది అని మాలో ఒకరు అన్నారు. రెండోవారికి నోరు పెగల్లేదు, పిల్ల తలమీద చెయ్యి వేసి ఊరుకున్నారు. కాసేపటికి, "వెళ్ళి పడుకో తల్లీ, దీన్ని మేం చూసుకుంటాము" అన్నాము. "చూడొద్దనే కదా చెప్తున్నాను" అని కాగితం వైపు చూపించి లోపలికి వెళ్ళింది. ఆ రోజు కూరగాయలు తరుగుతూ, పక్కనుంచి నడుస్తూ, ఆ మూత తీయలేదు. ఆవిరి పట్టిన గాజులోంచి ఏమీ కనబడలేదు కూడా. మధ్యాహ్నం రెండు దాటాక వాసన మొదలైంది. నిజమే. పిడక పొగ ఒక్కటి లేదు గాని, మిగిలినదంతా అదే.

మనవరాలు సైన్సు పుస్తకంలోంచి ఒక సంగతి చెప్పింది, తరువాత అల్లుడుగారు వివరించారు. మనము కారమెల్ అంటాము గాని, నీళ్ళలో పెట్టి చేసినది సరిగ్గా కారమెల్ కాదట. ఒట్టి పంచదార మాడి ఎర్రబడాలంటే 160 డిగ్రీల సెల్సియస్ పైన వేడి కావాలి. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు. మరి పాలు ఎందుకు ఎర్రబడ్డాయి? పాలలోని మాంసకృత్తులు, పాలలో సహజంగా ఉన్న చక్కెర, ఈ రెండూ చాలాసేపు వేడిలో కలిసి ఉంటే వాటి మధ్య ఒక చర్య జరిగి ఎరుపు, ఆ సువాసన వస్తాయి. మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో దీన్ని గురించి రాశారు కనుక ఆయన పేరుతో పిలుస్తారు. రొట్టె కాలినప్పుడు పైన వచ్చే ఎరుపు కూడా అదే. తక్కువ వేడి అయితే ఎక్కువ గంటలు కావాలి, అంతే తేడా. అమ్మకు మయ్యార్ తెలియదు, గంటలు తెలుసు.

సాయంత్రం ఐదింటికి అమ్మాయి లేచి మీట ఆపింది. సీసాలు పట్టకారుతో తీసి గుడ్డమీద పెట్టింది, చన్నీళ్ళు తగలనివ్వలేదు (మా వైపు ఒక చూపు చూసింది). చల్లారాక మూత తీస్తే లోపల గట్టిగా, నున్నగా, పాలకోవాకంటే ఒక ఛాయ ముదురు. రెండూ గిన్నెలోకి తీసి, అరకప్పు వెచ్చని పాలు, రెండు చిటికెల ఉప్పు వేసి గిలకొట్టింది. ఉప్పు ఎందుకన్నాము. రుచి చూడమంది. ఉప్పు లేకపోతే ఆ తీపి రెండో ముద్దకే మొహం మొత్తుతుంది.

ఆదివారం ఉదయం ఆపిల్ ముక్కలు కోసి, నల్లబడకుండా నిమ్మరసం పిండిన నీళ్ళలో వేసి తీశాము. పుల్లటి పచ్చ ఆపిల్ దీనికి బాగుంటుంది. తీపికి తీపి తోడైతే పండు రుచి తెలియదు. మందిరం కిందిభాగంలో బల్లలు బారుగా వేశారు. బల్లమీద మాలాంటివే అయిదారు స్లో కుక్కర్లు, గోడకు తీగలు తగిలించి, మీట వెచ్చగా అన్నచోట పెట్టి. మా గిన్నె చుట్టూ పిల్లలు మూగారు. తెల్లజుట్టు పెద్దామె ఒకరు తిని చూసి, ఎవరు చేశారని మా అమ్మాయిని అడిగారు. "మా అమ్మా నాన్నా" అంది అమ్మాయి. పగలగొట్టిన సీసా సంగతి చెప్పలేదు. ఆమె మమ్మల్ని అడిగినది మాకు సగమే అర్థమైంది. మనవరాలు తర్జుమా చేసింది. మీ దేశంలో కూడా ఇది చేస్తారా అని. చేస్తాము, గుంటలో, పేడతో అని చెప్పమన్నాము. మనవరాలు ఆలోచించి, నిప్పుతో అని మాత్రం చెప్పింది. తెలివైనదే.

చదువరులలో ఎవరైనా చేయదలిస్తే స్లో కుక్కరు కోసం వెతకనక్కర లేదు. తిరిగి వచ్చాక మేము రెండు విధాలుగా చేసి చూశాము. మొదటిది, మిల్క్‌మెయిడ్ డబ్బా విప్పి పాలను గట్టిమూత ఉన్న స్టీలు బాక్సులో పోసి, ఇడ్లీపాత్రలో సగం ఎత్తు నీళ్ళలో పెట్టి, పాత్రకు మూత వేసి సన్నని సెగమీద మూడు గంటలు ఉంచటం. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళే పోయాలి, ఈ మాట మా నోట వినండి. డబ్బా విప్పకుండా అలాగే నీళ్ళలో మరిగిస్తే చాలునని కొందరు చెప్తారు. అది ప్రమాదం. నీళ్ళు ఇగిరితే డబ్బా పేలి కాలే పాలు మీద పడతాయి. రెండోది డబ్బా ఖర్చు లేనిది. చిక్కటి పాలు లీటరు, పంచదార పావుకిలో, వంటసోడా ఒక్క చిటికె. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి సెగమీద గంటన్నర, రెండు గంటలు. సోడా వేయగానే పొంగుతుంది, పెద్ద గిన్నె తీసుకోండి. సోడా వల్ల పాలు విరగవు, రంగు తొందరగా వస్తుంది. ఇందులో మాత్రం కలపాలి, ముఖ్యంగా చివరి అరగంట. గరిటె జారుగా ఉన్నప్పుడే దింపాలి, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. మరీ ఇగిరితే అది పాలకోవా, దానికీ తినేవాళ్ళుంటారు. ఆపిల్ కిలో ధర చూసి భయపడనక్కర లేదు. దోరజామకాయ ముక్కలకు ఇది ఇంకా బాగా కుదిరింది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి పది రోజుల్లోపు తినేయాలి. సీసాలో మూతబిగించి ఉన్నది కదా అని బయట అలమరలో నిలవ ఉంచకూడదు.

మేము డిసెంబరులో తిరిగి వచ్చాము. విమానాశ్రయంలో అమ్మాయి ఏడ్చింది, మేమూ ఏడ్చాము, అందరూ ఏడ్చే చోటే గనుక ఎవరూ చూడలేదు. వచ్చిన వారానికి ముగ్గురం కలిసి అమ్మ సమాధి దగ్గరకు వెళ్ళాము. ముగ్గురం అంటే, అమ్మాయి ఫోనులో. మా చెయ్యి వణకలేదు. సమాధి, దానిమీద అక్షరాలు, పక్కన వేపచెట్టు, అన్నీ నిదానంగా చూపించాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, పేరు కింద తారీఖు మీద పడ్డ ఆకులు తీసేయమంది. తీశాము.

ఆ సంక్రాంతి సెలవుల్లో నీళ్ళతొట్టి వెనక కొంచెం జాగా చూసి గుంట తవ్వించాము. పక్కవీధిలో గేదెలున్నవాళ్ళు పొద్దున్నే రెండు లీటర్లు పోస్తామన్నారు. పిడకలు డబ్బిచ్చి కొనవలసి వచ్చింది. ఊళ్ళో కొందరు గ్యాసు ఉండగా ఇదేం పని అని నవ్వారు. మొదటిరోజు పాలు పొంగి నిప్పు ఆరిపోయింది. రెండోరోజు పొగ వాసన పట్టింది. మూడోరోజు కొంచెం రంగు వచ్చింది. ఫోనులో చూపిస్తే అమ్మాయి దగ్గరగా పెట్టమని, ఇంకా దగ్గరగా పెట్టమని, "ఇంకొక గంట ఉండాల్సింది" అంది.

ఎండాకాలం సెలవులకు పిల్లను తీసుకుని వస్తానన్నది. కార్డు వచ్చింది కనుక ఇప్పుడు తిరిగి వెళ్ళటానికి ఇబ్బంది లేదట. మా దగ్గరున్న కుండ అటకమీద ఉన్న పాతది, అడుగున సన్నటి బీట ఉంది. వాళ్ళు వచ్చేలోపు కొత్తది చూడాలి, చిల్లుల మూకుడుతో సహా. ఆ మూకుళ్ళు చేసే కుమ్మరి మా ఊళ్ళో ఇప్పుడు లేడు. పక్క ఊరి సంతలో దొరుకుతాయని చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సు ఉంది.